తొమ్మిదో పేజీ

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చేతిలో పెన్సిలు లేకుండా, రెండోసారి పెన్సిలు పట్టుకొని. గీతలు గీసిన ప్రతి విడిగా పంపిస్తున్నాను. అంతా ఎర్రగా ఉందని బెంగపడకు, ఇంట్లో ఆ రంగు పెన్సిలే దొరికింది.

విక్టోరియా రాణి కాలంలో, ఇంగ్లండులో ఒక తండ్రి తన కూతురి పెళ్లి గురించి గర్వంగా చెప్పుకునే కథ రాశాననీ, ఆ దేశం గొడవ తెలుగులో ఎవరికి కావాలని స్నేహితులు నవ్వుతున్నారనీ రాశావు. నవ్వనీ. ఆడపిల్ల పెళ్లి చేసిన తండ్రి ఏ దేశంలో ఉన్నా మనవాళ్లకు అర్థమవుతాడు. కానీ అతను ఎక్సెటర్‌లో బట్టల కొట్టు నడిపే తండ్రిలాగే ఉండాలి. కోటు తొడుక్కున్న తెనాలి తండ్రిలా ఉండకూడదు. నీ కథలో సగం చోట్ల నాకు కనిపించింది ఆ రెండో మనిషే.

ముందు తప్పుల సంగతి చూద్దాం. నీ పెళ్లి 1874లో జరుగుతుంది. సాయంత్రం, చర్చి నిండా కొవ్వొత్తులు, రంగుటద్దాల కిటికీల మీద చీకటి పడుతుండగా ఆ పిల్ల లోపలికి నడిచి వస్తుంది. చదవడానికి ఎంతో బాగుంది. కానీ అలా జరగడానికి వీల్లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు చర్చిలో పెళ్లి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే జరగాలి. వేళ దాటాక జరిపిస్తే పాదిరికి శిక్ష పడుతుంది. ఆ గడువును మధ్యాహ్నం 3 దాకా పొడిగించింది 1886లో, నీ పెళ్లి అయిపోయిన పన్నెండేళ్లకు. అర్ధరాత్రి ముహూర్తాలకు కళ్లు నులుముకుంటూ కూర్చున్న జాతి కదా మనది, పెళ్లి అంటే దీపాలే గుర్తొస్తాయి. నీ కొవ్వొత్తులు ఆర్పేయి. వాటికి బదులు హడావిడి పెట్టు. తల్లి పిన్నులు వెతుకుతోంది, గుర్రబ్బండి వాడు వీధిలో గంట చూసుకుంటున్నాడు, పన్నెండు లోపల ముగించాలని తండ్రి గొంతులో తడి ఆరిపోతోంది. కొవ్వొత్తుల కంటే ఈ కంగారే నీ కథకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ వేళ సంగతి తెలిస్తే భోజనం దగ్గర నువ్వు చేసిన పొరపాటు కూడా సర్దుకుంటుంది. ‘పెళ్లి బ్రేక్‌ఫాస్ట్’ అన్న మాటను ‘అల్పాహారం’ చేసేసి, చర్చికి వెళ్లక ముందే అందరికీ పెట్టించేశావు. అది పెళ్లయ్యాక వధువు ఇంట్లో పెట్టే విందు. పేరుకే పొద్దుటి తిండి. కోడి, పంది తొడ మాంసం, నాలుక, రొయ్యల వంటివాటితో సలాడు, జెల్లీలు, వైను. చాలావరకు చల్లారిన వంటకాలే. మధ్యలో కేకు. దాని లోపల ఎండుపళ్లు దట్టించిన నల్లటి ముద్ద, పైన గట్టి తెల్లటి పంచదార పూత. రాలేకపోయిన వాళ్లకు చిన్న చిన్న పెట్టెల్లో ముక్కలు పంపేవారు. పెళ్లికాని అమ్మాయిలు ఆ ముక్కను దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కలలోకి వస్తాడని నమ్మకం. ఆ పనిని నువ్వు ఆఖరి చెల్లెలి చేత చేయించావు, చీమలు కూడా పట్టించావు. ఆ చీమల పేరా దగ్గర నేను గట్టిగా నవ్వాను. దాన్ని ముట్టుకోకు.

పెళ్లికూతురికి పదహారేళ్లన్నావు. ఎందుకు? చట్టం అడ్డం రాదన్నది నిజమే. అక్కడ ఆడపిల్లకు కనీస వయసు 1929 దాకా పన్నెండేళ్లే. కానీ చట్టం వేరు, ఊరి నడవడి వేరు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఆడపిల్లలు సగటున పాతికేళ్ల దగ్గర పెళ్లి చేసుకునేవారు. పాత కాలం అనగానే బాల్య వివాహం అనుకోవడం మన చరిత్ర మన చేత చేయించే పొరపాటు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించిన నాటికి మన దగ్గర ఉన్న పరిస్థితిని పట్టుకెళ్లి నీ ఎక్సెటర్ ఉన్న డెవన్ జిల్లాలో పెట్టకూడదు. అదీగాక నీ లెక్కే నీకు అడ్డం వస్తోంది. తల్లిదండ్రుల పెళ్లి 1847 అన్నావు, ఈ పిల్ల తొలి సంతానం అన్నావు. ఇరవై నాలుగు పెట్టు. ఇరవై నాలుగేళ్లు ఇంట్లో తిరిగిన పిల్ల వెళ్లిపోతుంటే ఆ తండ్రికి ఎక్కువ నొప్పి.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. చర్చిలో పాదిరి ‘ఈ స్త్రీని ఈ పురుషునికి వివాహమునకై ఇచ్చువారెవరు’ అని అడిగినప్పుడు, నీ తండ్రి ముప్పావు పేజీ మాట్లాడాడు. పుట్టినప్పటి వాన, మొదటి అడుగు, మశూచి, అన్నీ చెప్పాడు. అమ్మాయీ, వాళ్ల ప్రార్థన పుస్తకం 1662 నాటిది. అందులో ఈ ప్రశ్న ఉంది కానీ దానికి తండ్రి చెప్పాల్సిన జవాబు రాసిలేదు. పాదిరి ఆ పిల్ల చేతిని తండ్రి చేతిలోంచి తీసుకుంటాడు, వరుడి చేతికి అందిస్తాడు. అంతే. మన కన్యాదానంలో తండ్రి నోటికి ఎంత పని! గోత్రం, మూడు తరాల పేర్లు, సంకల్పం. పక్కన తల్లి నీళ్లు పోస్తూ ఉండాలి. అక్కడ ఆయనకు దక్కిన పాత్రలో ఒక్క ముక్క సంభాషణ లేదు. చెయ్యి వదలడమే ఆయన చేయాల్సింది.

ఇది తెలిసిన రోజు నేనైతే ఎగిరి గంతేసేవాణ్ణి. మాట్లాడటమే పనిగా పెట్టుకున్న నీ తండ్రికి, కొట్లో బేరం ఆడి ఆడి గొంతు అరిగిపోయిన మనిషికి, జీవితంలో అతి పెద్ద నిమిషంలో చెప్పడానికి ఏమీ లేదు! కథ మొత్తం ఇంతలా వాగడానికి కారణం కూడా అదే అయి ఉండవచ్చు కదా. అక్కడ మూగబోయాడు కాబట్టి ఇక్కడ ఆగడం లేదు. ఆ ముప్పావు పేజీ కొట్టేసి, చేతి తొడుగు లోపల కూతురి వేళ్లు చల్లగా ఉన్నాయో చెమట పట్టాయో ఒక్క వాక్యం రాయి.

రాణి సంగతి. ‘విక్టోరియా మహారాణిని ఆమె తండ్రి నడిపించుకు వెళ్లినట్లే నేనూ నా బిడ్డను నడిపించాను’ అని అతని చేత అనిపించావు. ఆమె తండ్రి కెంట్ డ్యూక్ 1820 జనవరిలోనే పోయాడు. అప్పటికి ఆమె ఎనిమిది నెలల పసిపాప. 1840 ఫిబ్రవరి 10న సెయింట్ జేమ్స్ ప్యాలెస్ చర్చిలో ఆమె పెళ్లి జరిగినప్పుడు పినతండ్రి ససెక్స్ డ్యూక్ ఆమెను అప్పగించాడు. రాణి తండ్రిలేని పిల్లగా పెరిగిందన్నది ఆ రోజుల్లో కొట్టుకు వచ్చే ప్రతి మనిషికీ తెలుసు. నీ తండ్రికి పోలిక కావాలంటే 1858 జనవరి 25 ఉంది. రాణి పెద్ద కూతురు విక్కీ పెళ్లి. పదిహేడేళ్ల పిల్ల, ప్రష్యా రాకుమారుడు వరుడు. ఆమెకు ఒక పక్క తండ్రి ఆల్బర్ట్, మరో పక్క బెల్జియం రాజు లియోపోల్డ్ నడిచారు. బయటికి వచ్చేటప్పుడు మెండెల్సన్ అనే సంగీతకారుడి పెళ్లి మార్చ్ బాణీ వాయించారు. ఆ తర్వాత దేశంలో ప్రతి మోస్తరు కుటుంబానికీ తమ పిల్ల పెళ్లిలో అదే కావాల్సి వచ్చింది. నీ కొట్టువాడు ఆ వార్త పత్రికలో చదివి ఉంటాడు, కత్తిరించి డ్రాయరులో దాచుకొని కూడా ఉంటాడు. గర్వపడే తండ్రికి ఆ కాలం చూపించిన నమూనా ఆల్బర్టే. నాలుగేళ్లు తిరగకుండా, 1861 డిసెంబరులో, ఆయన పోయాడు. రెండో కూతురు ఆలిస్ పెళ్లి 1862లో ఆస్బర్న్ ఇంటి భోజనాల గదిలో, రాణి నల్ల బట్టల్లో ఉండగా జరిగింది. అక్కడా అప్పగించింది తండ్రి కాదు, పెదనాన్న. ఇదంతా కథలో పెట్టమనడం లేదు. నువ్వు రాణి పెళ్లికి మూడు పేజీలిచ్చావు, వాటిని మూడు వాక్యాలు చేయి. ఆ మూడూ సరిగ్గా ఉండాలి, అంతే.

ఇలాంటిదే ఎక్సెటర్ గడియారం. లండన్ వేళ కంటే పద్నాలుగు నిమిషాలు వెనక నడిచే ఊరి గడియారం గురించి నువ్వు రాసిన పేరా ముచ్చటగా ఉంది. కానీ 1852లోనే ఆ ఊరు లండన్ వేళకు మారిపోయింది. 1874 పెళ్లిలో దానికి చోటు లేదు. తల్లిదండ్రుల 1847 పెళ్లిలో ఉంది. అక్కడికి మార్చుకో. వెతికి తెచ్చుకున్నదాన్ని పారేయడానికి చెయ్యి రాదని నాకు తెలుసు. నా మొదటి నవలలో నూనె గానుగ పని విధానం పదకొండు పేజీలుంది. ఇప్పటికీ ఎవరైనా నా పుస్తకం పొగిడితే ఆ పదకొండు పేజీలు దాటి వచ్చారా అని అనుమానపడతాను.

తెల్ల గౌను గురించి ఒక్క మాట. ఇంగ్లండులో పెళ్లికూతుళ్లందరూ తెలుపే అన్నావు. డబ్బున్న వాళ్లలో, వాళ్లను చూసి నడుచుకునే వాళ్లలో, రాణి పెళ్లి తర్వాత ఆ రంగు బలపడింది. మిగతా జనం ఉన్నవాటిలో మంచి గౌను, నీలమో గోధుమ రంగో, వేసుకొని పెళ్లాడి, తర్వాత ప్రతి ఆదివారం అదే తొడుక్కునేవారు. 1874 కూతురికి తెలుపు సరే. 1847 తల్లికి కాదు.

ఆ తల్లి లేసు అల్లేది అన్నావు కదా. ఆ ఒక్క మాటతో నువ్వు ఎంత పెద్ద గనిలో కాలు పెట్టావో నీకు తెలిసినట్టు లేదు. రాణి పెళ్లి గౌను మీది హానిటన్ లేసు అల్లింది డెవన్ ఆడవాళ్లే. బీర్ అనే సముద్రపు ఒడ్డు పల్లెలోనూ ఆ చుట్టుపక్కలా రెండు వందల మందికి పైగా పనిచేశారు. ఒడిలో దిండు, దాని మీద గుచ్చిన పిన్నులు, వాటి మధ్య దారపు కండెలు మారుతూ ఉంటాయి. పువ్వులూ ఆకులూ చేత్తో అల్లి, మిషను మీద నేసిన వల మీద కుట్టేవారు. చిన్నపిల్లల్ని ఐదారేళ్లకే ఆ పనికి కూర్చోబెట్టేవారు. ఇక కూలి. చాలామంది వ్యాపారులు డబ్బు ఇచ్చేవాళ్లు కాదు, తమ కొట్లోంచే సరుకు ఇచ్చేవాళ్లు. టీ ఆకు, కొవ్వొత్తులు, గుడ్డ, ధర వాళ్లు చెప్పిందే.

మరి నీ తండ్రికి బట్టల కొట్టుంది, లేసు కూడా అమ్ముతాడు. అతను ఆ ఆడవాళ్లకు ఏం ఇచ్చేవాడు? కథలో లేదు. మంచివాడిగా ఉండాలని నువ్వు వదిలేశావు. కూతురికి కొనిచ్చిన ఆ పియానో ఏ డబ్బుతో వచ్చిందో అతనికి తెలుసు. మాటల మధ్యలో ఎప్పుడో ‘టీ ఆకు ఇస్తే సంతోషంగా తీసుకెళ్లేవాళ్లు’ అని అతనే అనేస్తే చాలు. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, తన మంచితనం చెప్పుకుంటున్నట్టే అనాలి. చదివేవాడికి గుచ్చుకుంటుంది. పియానో సంగతి కూడా చూసుకో. కూతురికి కొనిచ్చానని అంత గొప్పగా చెప్పుకున్నాడా, 1874 చట్టం ప్రకారం చర్చి గడప దాటగానే అది అల్లుడి సొత్తు. 1870 చట్టం పెళ్లయిన స్త్రీకి దాదాపు ఆమె సంపాదన మాత్రమే మిగిల్చింది. ఆస్తి ఆమె పేరిట నిలిచింది 1882 చట్టం తర్వాతే. వకీలు చేత పత్రం రాయించి ధర్మకర్తలను పెట్టేంత ఆస్తిపరుడు కాదు ఇతను. అల్లుడు ఆ పియానోను ఎలా తడిమి చూశాడో రాయి.

ఇక గర్వం. ఇరవై రెండు పేజీల్లో ‘నా గుండె గర్వంతో ఉప్పొంగింది’ అన్న వాక్యం ఐదుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. గర్వపడే మనిషి ఆ మాట అనడు, అమ్మాయీ. ఖర్చులు చెబుతాడు. ఎవరెవరు వచ్చారో చెబుతాడు, రాని వాళ్ల గురించి మరీ ఎక్కువ చెబుతాడు. నా కూతురి పెళ్లినాటి పద్దుల పుస్తకం నిన్న అటక మీంచి దించాను, నీ కథ వల్లే. షామియానా, వంటవాళ్లు, మేళం, అరటి గెలలు, పురోహితుడి సంభావన, అన్నీ నా చేతిరాతలో పొందికగా ఉన్నాయి. ఆఖరి పేజీలో, అప్పగింతలు అయ్యాక రాసిన పద్దు ఒకటుంది. ‘అమ్మాయికి బస్సులో తినడానికి కమలాపళ్లు, 12 రూపాయలు.’ పన్నెండు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఎందుకు గీశానో గుర్తులేదు. మా అమ్మాయికి కమలాపళ్లంటే ఇష్టం కూడా లేదు.

తొమ్మిదో పేజీకి వచ్చాను. అక్కడ నువ్వు రాసినది ఇది: ‘రిజిస్టరులో మా అమ్మాయి సంతకం పెట్టింది, తర్వాత మేం బయటికి వచ్చి ఫొటో తీయించుకోవడానికి వెళ్లాం.’ రెండో పేజీలో, అతను తన పెళ్లినాడు పేరు రాయడం రాక పుస్తకంలో ఇంటూ గుర్తు పెట్టానని నవ్వుతూ చెప్పినట్టు రాశావు. భార్యా అదే పెట్టిందట. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఏడు పేజీల దూరం. వాటిని నువ్వే రాశావు, నువ్వే కలపలేదు.

1837 జూలై నుంచి అక్కడ ప్రతి పెళ్లికీ ఆ రిజిస్టరు ఉంది. 1840 ప్రాంతంలో పెళ్లికూతుళ్లలో దాదాపు సగం మంది, పెళ్లికొడుకుల్లో మూడో వంతు ఇంటూ గుర్తే పెట్టారు. శతాబ్దం ముగిసేసరికి ఆ గుర్తు పెట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురు కూడా లేరు. ఆ మార్పు అంతా ఒక ఇంట్లో, ఒక బల్ల దగ్గర, ఒక కలం మొన మీద జరుగుతోంది నీ కథలో. నువ్వు ఫొటో స్టూడియోకి పరిగెత్తావు! ఆగు. కలాన్ని సిరాలో ముంచనీ. అక్షరాలు ఎన్ని? అతనికి చదవడం వచ్చా, లేక ఆ మెలికలు చూసి తన ఇంటిపేరని ఊహించుకుంటున్నాడా? సాక్షిగా అతన్నీ సంతకం పెట్టమంటారు. కూతురు రాసిన పేరు కింద ఇప్పుడు అతను ఏం పెడతాడు? కొట్టు పెట్టాక రాత నేర్చుకున్నాడా? నేర్చుకొని ఉంటే ఎవరి దగ్గర? ఈ పిల్ల దగ్గరేనా? నాకు ఈ జవాబులు కావాలి, కేకు బరువు కాదు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. కథ అంతా తండ్రి ‘రాసినట్టు’ నడిపావు. రాత రానివాడైతే ఎవరికి చెబుతున్నాడు, ఎవరు రాసుకుంటున్నారు? కొట్లో గుమాస్తాకా? పెళ్లికి రాలేకపోయిన తమ్ముడికి ఉత్తరం చెప్పి రాయిస్తున్నాడా? అది తేల్చుకుంటే అతని గొంతు దానంతటదే మారుతుంది. ‘ఓ సర్వేశ్వరా, ఏమని వర్ణింతును’ వంటివి రాలిపోతాయి. పేరుకు ఆంగ్లేయుడు కదా అని గ్రాంథికం తొడిగావు. కొట్టువాడు కొట్టువాడిలా మాట్లాడాలి.

మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి సంగతి చదివి ‘ఎవరికైనా అభ్యంతరం ఉందా’ అని అడిగే పద్ధతికి నువ్వు ‘లగ్నపత్రిక’ అన్నావు. అది కాదు. ఆంగ్లికన్ మిషన్ వాళ్లు, అంటే ఆ ఇంగ్లండు చర్చి వాళ్లే, 1841 నుంచి మచిలీపట్నంలో ఉన్నారు. ఆ చర్చిల కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. అలాంటి ఇంటి పెద్దావిడ ఎవరైనా దొరికితే కూర్చుని అడుగు, పెళ్లి ప్రకటనను వాళ్లింట్లో ఏమంటారో. నిఘంటువు ముందేసుకొని మాట పుట్టించకు. అలాగే చివర్లో కొత్త జంట బండి వెనక పాత చెప్పులు విసరడం వాళ్ల ఆచారమే, ఉంచు. బియ్యం చల్లడాన్ని మాత్రం ‘అక్షతలు’ అనకు. బియ్యమే అను. మన పాఠకుడికి అక్షతలు వాటంతటవే గుర్తొస్తాయి, గుర్తురానీ.

తొందరేమీ లేదు. వచ్చే నెలలో కంటి ఆపరేషను ఉంది, పదిహేను రోజులు నేను ఏమీ చదవలేను. ఆ తర్వాత పంపు. మొత్తం కథ అక్కర్లేదు, తొమ్మిదో పేజీ చాలు.

ఉత్తరం కవరులో పెట్టాక ఒకటి గుర్తొచ్చి మళ్లీ బయటికి తీశాను. ఆ పెళ్లి రిజిస్టరులో వధువు పేరు, వయసు, ఉండే చోటు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, వీటన్నిటికీ గడులున్నాయి. తల్లికి లేదు. ఇంగ్లండులో తల్లి పేరుకు ఆ పుస్తకంలో చోటు దొరికింది 2021 మే నెలలో. ఇది చూసి, నీ కథ మొదటి నుంచి తిరగేశాను. కొట్టువాడికి పేరుంది, అల్లుడికి ఉంది, పాదిరికి ఉంది, గుర్రానికి కూడా ఉంది. ఆ మేలిముసుగు మీద లేసు అల్లిన మనిషి ఇరవై రెండు పేజీల్లోనూ ‘మా ఆవిడ’. కావాలని చేశావా, మరిచిపోయావా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు